ఒత్తుకు యంత్రం, తాళానికి మనిషి

గుడి మేళం సాగుతున్నప్పుడు అందరి చూపూ నాదస్వరం మీద, డోలు మీద ఉంటుంది. వెనక నిలబడే ఇద్దరిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒకరు ఒత్తు పట్టేవారు, ఇంకొకరు తాళం వేసేవారు. ఒత్తు చూడ్డానికి నాదస్వరంలాగే ఉంటుంది గాని దాని మీద రాగం పలకదు. కింది భాగంలో ఉన్న రంధ్రాలను మైనంతో మూసీ తెరిచీ శ్రుతి సరిచేసుకుంటారు. ఆ తర్వాత మేళం ముగిసేదాకా ఒకే స్వరం. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో పీల్చుకుంటూ, నాదం తెగకుండా ఊదుతూ ఉండాలి. తాళం వేసేవారి చేతిలో రెండు కంచు తాళాలు తప్ప ఏమీ ఉండవు. డోలు ఎన్ని నడకలు మార్చినా ఆ చేతి దెబ్బ చెదరకూడదు. ఈనాటి బ్యాండ్ల వాళ్ళు ట్రాక్ అనీ క్లిక్ అనీ వేటిని పిలుస్తున్నారో, ఆ రెండు పనులకూ మన మేళంలో మొదటినుంచీ మనుషులు ఉన్నారు. ముందే ఖాయమైపోయి వెనక నడిచే నాదం ఒత్తుది. అందరినీ ఒక్క కాలానికి కట్టి ఉంచే దెబ్బ తాళానిది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పెళ్ళి పందిళ్ళలో, వినాయకచవితి మండపాల్లో, జాతర వేదికల మీద ట్రాక్ పెట్టి పాడటం తప్పా ఒప్పా అన్న వాదన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అది మోసమంటారు, ఇంకొకరు కాలం మారిందంటారు. ఆ ఇద్దరూ ఒకసారి ఈ మేళం వైపు చూస్తే వాదన వేరే దారి పడుతుంది. ఎందుకంటే ఒత్తు స్థానంలోకి యంత్రం వచ్చి చాలా ఏళ్ళయింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తాళం మాత్రం ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉంది. వెనక నిలబడిన ఇద్దరిలో ఒకరు యంత్రానికి చోటిచ్చి, మరొకరు ఇవ్వకపోవడం యాదృచ్ఛికం కాదన్నది నా వాదన.

ముందు క్లిక్ సంగతి చూద్దాం. లయను యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన ఐరోపాలో పాతదే. మేల్జెల్ మెట్రోనోమ్‌కు పేటెంటు తీసుకున్నది 1815లో. కానీ అది సాధన గదికి సంబంధించిన వస్తువు. వాయిస్తున్నవారి చెవిలో మాత్రమే వినబడే క్లిక్ పుట్టింది సినిమా కోసం. అమెరికాలో కార్టూన్ చిత్రాలకు సంగీతం కూర్చేవాళ్ళు, తెర మీద బొమ్మ అడుగు పడే క్షణానికే వాద్యం దెబ్బ పడాలని పట్టుబట్టి, ఫిల్ము అంచున రంధ్రాలు పొడిచి, అవి యంత్రం గుండా పోతుంటే వచ్చే టక్కుటక్కుమనే చప్పుడును వాద్యకారులకు వినిపించారు. 1935లో వచ్చిన ‘ది ఇన్ఫార్మర్’ చిత్రానికి మాక్స్ స్టైనర్ ఈ పద్ధతినే వాడాడు. పాట నిడివి ఎంతో, దెబ్బ ఎక్కడ పడాలో తెరమీది బొమ్మ ముందే తేల్చేసిన చోట పుట్టింది క్లిక్. ఈ జన్మస్థానాన్ని గుర్తుపెట్టుకోవాలి, ముందు పనికొస్తుంది. వేదిక మీదికి అది వచ్చింది రాక్ బ్యాండ్ల ద్వారా. ఇంగ్లండుకు చెందిన ‘ది హూ’ బృందం 1971 నాటి ‘బాబా ఓ'రైలీ’ పాటను వేదిక మీద వినిపించేటప్పుడు సింథసైజర్ భాగం ముందే రికార్డయి ఉండేది. డ్రమ్స్ వాయించే కీత్ మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకొని దానికి తగ్గట్టు వాయించేవాడు. నేడు అదే పని ఒక ల్యాప్‌టాప్‌తో, కొన్నిచోట్ల ఫోనుతోనే జరిగిపోతోంది. స్టీరియోలో ఒక వైపు క్లిక్, ఇంకో వైపు ట్రాక్. క్లిక్ వైపు తీగ డ్రమ్మర్ చెవికి, ట్రాక్ వైపు తీగ మిక్సర్‌కి. నిమిషానికి 120 దెబ్బలని పెడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య సరిగ్గా అర సెకను. పాట మొదటి చరణంలోనూ అంతే, చివరి చరణంలోనూ అంతే.

ఇక ఒత్తు. 1979 ప్రాంతంలో బెంగళూరుకు చెందిన జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను తయారుచేశారు. ఆయన నెలకొల్పిన రాడెల్ సంస్థ శ్రుతిపెట్టెలనూ, తాళం వేసే యంత్రాన్నీ కూడా తెచ్చింది. రెండూ ఒకే చోట తయారయ్యాయి, ఒకే దుకాణంలో అమ్ముడయ్యాయి. శ్రుతిపెట్టె కచేరీ వేదిక ఎక్కింది, హరికథ దాసుగారి పక్కన చేరింది, భజన మందిరంలోకి వచ్చింది, నాదస్వర మేళంలో ఒత్తు ఊదేవారి చోట నిలిచింది. తాళయంత్రం మాత్రం ఇంటి సాధనతోనే ఆగిపోయింది. కర్ణాటక సంగీత కచేరీలో తాళయంత్రం మోగుతుండగా గాయకుడు కీర్తన పాడటం ఎక్కడా కనబడదు. సంగీతజ్ఞులు యంత్రాల మీద ద్వేషంతో ఇలా చేశారనలేం. ద్వేషమే ఉంటే రెంటినీ వద్దనేవారు. డబ్బు కారణమనీ అనలేం. తాళయంత్రం ఖరీదు శ్రుతిపెట్టెను మించిందేమీ కాదు. ఒత్తుకున్న ధర్మం వేరు, తాళానికున్న ధర్మం వేరు. షడ్జ పంచమాలు కచేరీలో ఏం జరిగినా మారవు. విద్వాంసుడు తడబడినా, రాగం గంట సాగినా, జనం లేచి వెళ్ళినా వాటికి నిమిత్తం లేదు. ఎవరి కోసమూ ఆగనక్కర్లేని, ఎవరినీ చూడనక్కర్లేని పని అది. అందుకే యంత్రం దాన్ని సునాయాసంగా అందుకుంది. అక్కడ కూడా కొంత పోయిందనే చెప్పాలి. నాదస్వరం సీవాళి, అంటే ఊదే పీక, తడికీ వేడికీ స్వభావం మార్చుకుంటుంది; వాయిస్తూ ఉంటే శ్రుతి కాస్త అటూ ఇటూ జరుగుతుంది. పక్కన ఒత్తు పట్టినవారు తన పీకను సవరించుకొని ఆ మార్పుతో కలిసేవారు. పెట్టె కలవదు, నాదస్వరమే దాని దగ్గరికి రావాలి. అయితే పోయినది కొంచెమే, విద్వాంసులు ఆ కొంచెంతో రాజీపడ్డారు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. ‘తాళం కూడా మారకూడనిదే గదా? కాలప్రమాణం చెడిందంటే మనవాళ్ళు ఒప్పుకుంటారా? అలాంటప్పుడు చెదరని దెబ్బకు యంత్రాన్ని మించినదేముంది?’ నిజమే. మన సంప్రదాయం లయ విషయంలో సడలింపు ఇచ్చేది కాదు. కీర్తన ఎత్తుకున్న కాలం చివరిదాకా నిలవాలి. డోలు విద్వాంసుడు ఆదితాళంలో తిశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం నడకల్లో లెక్కలు అల్లి, ముక్తాయింపు మూడుసార్లు వేసి ఎడుపులో, అంటే పాట ఎత్తుకున్న చోట, దిగాలంటే, తాళం వేసే చెయ్యి రాతిలాగా ఉండాలి. చెయ్యి రవ్వంత ముందుకు జరిగినా ఆయన కట్టిన లెక్కంతా కూలిపోతుంది. కాబట్టి ‘మనిషి లయ ఊపిరి తీసుకుంటుంది, యంత్రం లయకు ప్రాణం లేదు’ అని క్లిక్‌ను విమర్శించేవారి మాట నాకు బలంగా అనిపించదు. ఊపిరి పేరుతో కాలం పరుగెత్తించే వాద్యకారులు మనకు కావలసినంతమంది ఉన్నారు. కీర్తన మొదలుపెట్టిన కాలానికీ ముగించిన కాలానికీ పొంతన లేకపోతే దాన్ని జీవకళ అని మెచ్చుకోవడం అన్యాయం. స్థిరత్వంలో యంత్రమే గెలుస్తుంది. ఇంతవరకు ఒప్పుకోవాలి.

అయినా తాళం మనిషి దగ్గరే ఎందుకుందంటే, స్థిరంగా కొట్టడం ఆయన పనిలో సగమే. మిగతా సగం చూడటం, వినటం. నాదస్వరం రాగాలాపన చేస్తున్నంతసేపూ తాళానికి పని లేదు. అది పది నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు. నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై తోడి రాగం ఆలాపన ఎంతసేపు సాగుతుందో పక్కనున్నవారు ముందే చెప్పగలిగేవారు కారు. పల్లవి మొదటి మాట ఏ కాలంలో పలికితే ఆ కాలాన్ని తాళం అప్పటికప్పుడే అందుకోవాలి. పాట సమంలో ఎత్తుకుందా, కొంత విడిచి ఎత్తుకుందా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. విద్వాంసుడు ఒక ఆవర్తం ఎక్కువ సంగతులు వేస్తే ఉండాలి, దాటేస్తే దాటాలి. కాలం ఎంతన్నదీ, ఎప్పుడు మొదలన్నదీ, ఎప్పుడు ముగింపన్నదీ — ఈ మూడూ తాళం వేసేవారికి బయటినుంచి, ఆ క్షణంలో అందుతాయి. మొదలుకీ ముగింపుకీ నడుమ మాత్రమే ఆయన యంత్రంలాగా ఉండాలి. క్లిక్ ఆ నడిమి భాగాన్ని గొప్పగా చేస్తుంది, రెండు కొసలనూ చెయ్యలేదు. సినిమా రీలులో ఆ రెండు కొసలూ ముందే కత్తిరించి ఉంటాయి కాబట్టి అక్కడ దానికి లోటు కనబడలేదు.

ఆ కొసలు ఎంత ముఖ్యమో పెళ్ళిలో గట్టిమేళం దగ్గర తెలుస్తుంది. పురోహితుడి వేళ్ళు గాలిలో కదులుతాయి, లేదా నోటితోనే గట్టిమేళం అని కేక వేస్తారు. అప్పటిదాకా ఏ కీర్తన సాగుతున్నా దాన్ని అక్కడే తుంచేసి డోలు, నాదస్వరం, తాళం ఒక్కసారిగా ఉధృతంగా లేస్తాయి. మూడు ముళ్ళూ పడేదాకా, తలంబ్రాల సందడి మొదలయ్యేదాకా ఆ హోరు తగ్గదు. వరుడి చెయ్యి వణికి ముడి జారితే మేళం ఇంకాస్త సాగుతుంది. అశుభమైన తుమ్మో మాటో ఆ క్షణంలో ఎవరి చెవినా పడకూడదన్నది దాని వెనకున్న నమ్మకం. మేళం పిలవలేని పెళ్ళిళ్ళలో ఇప్పుడు రికార్డు చేసిన గట్టిమేళం వినిపిస్తున్నారు. హోరుగా ఉండటమే పనైతే స్పీకరు ఆ పని చేస్తుందని నేను ఒప్పుకుంటాను. కానీ ఒకటి గమనించండి. ఆ రికార్డును నొక్కే కుర్రవాడు మండపం వైపు చూస్తూ, పురోహితుడి చేతికోసం కనిపెట్టుకొని ఉంటే పని సవ్యంగా జరుగుతుంది. ఫోను మాట్లాడుతూ ఉంటే పెళ్ళి మంత్రం ఒకచోట, మేళం ఒకచోట. అంటే చూసే మనిషి అవసరం పోలేదు. డోలు వెనకనుంచి మీట దగ్గరికి మారాడు. అక్కడ నిలబడినవాడికి మేళధర్మం తెలిసి ఉండాలన్న షరతు మాత్రం ఎవరూ పెట్టడం లేదు, నష్టం అక్కడ జరుగుతోంది.

ఊరేగింపులో ఇది మరింత విస్తరిస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో చాలామటుకు ఉదయం, రాత్రి వాహనసేవలు నాలుగు మాడవీధుల్లో తిరుగుతాయి. అయిదోనాటి రాత్రి గరుడవాహనానికి జనం లక్షల్లో ఉంటారు. తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాలు, కాణిపాకంలో చవితి నుంచి మొదలయ్యే ఉత్సవాలు, శ్రీకాళహస్తిలో శివరాత్రి — వీటన్నిటిలో మేళానికి ఒకే నియమం: వాహనం నడకే మేళం నడక. ఉత్సవమూర్తి గుడి దాటి వచ్చేటప్పుడు దక్షిణాది ఆలయ సంప్రదాయంలో గంభీరనాట రాగంలో మల్లారి వాయిస్తారు. సాహిత్యం లేని ఆ రచనను మూడు కాలాల్లో తిప్పి వాయించడంలో డోలు, నాదస్వరం రెంటి బలమూ బయటపడుతుంది. తర్వాత వాహనం హారతికి ఆగవచ్చు, మోసేవారు భుజం మార్చుకోవచ్చు, మూలమలుపులో జనం కిక్కిరిసి కదలికే నిలిచిపోవచ్చు. ఆగినచోట రాగం విస్తరిస్తుంది, కదిలినచోట కీర్తన నడుస్తుంది. ఎంత నిడివి అన్న ప్రశ్నకు ఇక్కడ ముందస్తు జవాబే లేదు. ఇంకో చిక్కు శబ్దానిది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ముందు వెళ్ళే కోలాటం బృందానికీ వెనక డోలుకూ మధ్య 34 మీటర్ల దూరం ఉంటే దెబ్బ సెకనులో పదోవంతు ఆలస్యంగా అందుతుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో అది ఒక దెబ్బలో అయిదోవంతు. కర్రలు తగలడంలో తేడా కంటికి కనబడేంత. మేళం వారు డోలుకూ తాళానికీ మధ్య చెయ్యి చాచే దూరం కూడా ఉంచకపోవడానికి కారణం ఇదే. చెవుల్లో క్లిక్ పెట్టుకున్న బ్యాండు ఈ దూరాన్ని జయించగలదు, అది దాని నిజమైన గొప్పతనం. పెద్ద వేదికమీద ఒక చివర డ్రమ్స్, ఇంకో చివర కీబోర్డు ఉన్నప్పుడు క్లిక్ లేకపోతే ఒకరి దెబ్బ ఒకరికి ఆలస్యంగా అందుతూ పాట కాళ్ళీడుస్తుంది. యంత్రం మేలు చేసేచోట ఆ మేలును గుర్తించాలి.

చిత్తూరు జిల్లా ఊళ్ళల్లో ధర్మరాజు గుళ్ళ దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలను చూస్తే నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. సాధారణంగా పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, ద్రౌపదీ వస్త్రాపహరణం, అర్జున తపస్సు, ఆఖర్న మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ వధ, అగ్నిగుండం. వీధినాటకంలో హార్మోనియం, మద్దెల, తాళం, కొన్ని బృందాల్లో ముఖవీణ ఉంటాయి. పద్యం చివర నటుడు రాగం తీస్తాడు. ఆ రాగం ఎంతసేపు తీస్తాడో ఆ రాత్రి ఆయన గొంతు, ఎదురుగా కూర్చున్న జనం కలిసి నిర్ణయిస్తారు. హార్మోనియం ఆయన్ను వెన్నంటి ఉండాలి. వన్స్‌మోర్ అని కేకలొస్తే పద్యం మళ్ళీ మొదటికి వస్తుంది. అర్జున తపస్సునాడు అర్జున వేషధారి ఎత్తైన తపస్సుమాను ఎక్కుతాడు. పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. కింద సంతానం కోరే ఆడవాళ్ళు సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయలకూ పూలకూ విభూతికీ కొంగు పట్టి జనం చూస్తుంటారు. ఎండలో, గాలిలో, వేషం బరువుతో ఎక్కుతున్న మనిషి ఏ మెట్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడో ఎవరికీ తెలియదు. కిందనున్న మద్దెల, తాళం తలెత్తి ఆయన కాళ్ళనే చూస్తూ వాయిస్తాయి. ఇక్కడ క్లిక్ పెట్టామనుకోండి. ఎక్కేవాడు క్లిక్‌కు తగ్గట్టు ఎక్కాలి. ఆచారమంతా నటుడి ఒళ్ళు పడే శ్రమ చుట్టూ అల్లి ఉన్నచోట, ఆ ఒళ్ళు యంత్రానికి లోబడితే ఇక మిగిలేది ప్రదర్శన మాత్రమే. నాటకానికి కీబోర్డు వాడే బృందాలు కూడా దాన్ని హార్మోనియంలాగే నటుడి వెంట నడిపించగలిగితేనే పద్యం నిలుస్తుంది.

చెక్కభజనలో, పండరి భజనలో, కోలాటంలో ఇదే సూత్రం మరోలా కనిపిస్తుంది. గురువు విలంబంగా ఎత్తుకొని, అడుగు కుదిరాక కాలం పెంచి, బిగి వచ్చాక ఇంకా పెంచి, ఊపు శిఖరానికి చేరినచోట తెగ్గొడతాడు. ఈ ఎక్కుడులోనే దాని అందమంతా ఉంది. ఇప్పుడు ఉత్సవాలకు వచ్చే కోలాటం బృందాల్లో చాలావాటి వెంట స్పీకర్ల బండి వస్తోంది. రికార్డులో పాట, ముందు ఆట. సాంకేతికం తెలిసినవారు ఇక్కడ ఒక మాట అనవచ్చు: ‘కాలం పెరగడం కూడా కంప్యూటర్లో పెట్టొచ్చు. 90 నుంచి 140కి ఎన్ని ఆవర్తాల్లో చేరాలో చెబితే క్లిక్ అలాగే పెరుగుతుంది.’ చేయవచ్చు, సందేహం లేదు. అయితే ఈవేళ ఆడుతున్న ముప్ఫైమందిలో పదేళ్ళ పిల్లలెందరు, అరవయ్యేళ్ళ అవ్వలెందరు, కింద తారు ఎంత కాలుతోంది, వాహనం ఎంత వెనకబడింది — ఇవేవీ ముందే రాసిపెట్టిన ఎక్కుడులో చేరవు. పెంచాలా, ఇంకాస్త ఆగాలా అని ఆటగాళ్ళ కాళ్ళు చూసి తేల్చుకునే గురువు నేర్పు ఒక తరం పాటు వాడకపోతే అది మళ్ళీ పుట్టదు. రికార్డు వాడే బృందాలు ఆట ఆపనందుకు నాకు సంతోషమే. ఆ గురువుకు పని లేకుండా పోతున్నందుకు బాధ.

మరి ఆర్కెస్ట్రా సంగతి? సినిమా పాటకు ట్రాక్ వాడటం తప్పని నేను అనను. సినిమా పాట పుట్టిందే రికార్డింగులో. జనం దాన్ని ముప్ఫై నలభై వయొలిన్లతో, కోరస్‌తో, ఎన్నో పొరల రిథమ్‌తో విన్నారు. తిరుపతిలో ఒక రిసెప్షన్‌కు అయిదుగురితో వచ్చిన ఆర్కెస్ట్రా ఆ వయొలిన్లను తేలేదు. కీబోర్డు మీద ఒక్క చేత్తో వాటిని అనుకరించడం కంటే ట్రాక్‌లో శుభ్రంగా వినిపించి, కీబోర్డు వాద్యకారుణ్ణి అసలు పని చేయనివ్వడం మేలు. పాట నిడివి, పల్లవి చరణాల వరుస ఇక్కడ ముందే ఖాయం. వినేవారు కోరేది కూడా ఆ ఖాయమైన రూపాన్నే. క్లిక్ పుట్టిన చోటుకు ఇది దగ్గర. అయితే ఇక్కడ కూడా ఏ పొరను ట్రాక్‌కు ఇవ్వాలి, దేన్ని మనిషికి ఉంచాలి అన్న విచక్షణ ఉంటుంది, మంచి ఆర్కెస్ట్రాకూ బద్ధకపు ఆర్కెస్ట్రాకూ తేడా అక్కడే. వెనక పరుచుకొనే స్వరాలు, వయొలిన్ల గుంపు, కోరస్ — ఒత్తు ధర్మం ఉన్నవన్నీ ట్రాక్‌కు పోవచ్చు. డోలక్, తబలా, డ్రమ్స్, గాయకుడికి జవాబిచ్చే వేణువు లేదా గిటార్ — తాళధర్మం ఉన్నవి మనిషి చేతిలో ఉండాలి. ట్రాక్‌ను పాట మొత్తానికి ఒకే ముక్కగా పెట్టకుండా పల్లవి, మధ్య సంగీతం, చరణం అని ముక్కలు చేసుకొని, ఒక్కో ముక్కను కాలి మీటతో డ్రమ్మరే వదిలేలా పెట్టుకుంటే, గాయకుడు పల్లవిని ఇంకోసారి తిప్పినా బండి పట్టాలు తప్పదు. జాతరలో గంగమ్మ పాటకు జనం ఊగిపోతుంటే ఆ పాటను నాలుగు నిమిషాలకే ముగించాల్సిన గతి పట్టదు. మీట ఎవరి కాలి కింద ఉందన్నదే అసలు ప్రశ్న. ఎక్కడో మూల కూర్చొని మిక్సర్ తిప్పే మనిషి చేతిలో ఉంటే బృందమంతా దానికి బందీ. గాయకుణ్ణి చూస్తూ వాయించే మనిషి దగ్గర ఉంటే ట్రాక్ కూడా బృందంలో ఒక వాద్యమే అవుతుంది.

అటువైపునుంచి వచ్చే వాదం ఇంకొకటుంది. యంత్రం ఏదైనా అపచారమే, దైవసన్నిధిలో ప్రాణమున్న నాదమే ఉండాలి అన్నది. భక్తితో అనే మాట కాబట్టి గౌరవంగానే జవాబు చెప్పుకోవాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం 1963లో రికార్డయినప్పటినుంచి దక్షిణాది ఇళ్ళలో వేంకటేశ్వరుడి ఉదయం దానితోనే మొదలవుతోంది. కొండ మీద స్పీకర్లలో వినబడేదీ ఆ గొంతే. అది ఎవరి భక్తినీ తగ్గించలేదు. అదే కొండ మీద గర్భాలయం ముందు సుప్రభాతం ప్రతి ఉదయం మనుషులు నిలబడి చదువుతారు. రాత్రి ఏకాంతసేవలో అన్నమాచార్యుల వంశీకులు లాలి పాడుతారు. అన్నమయ్య 1503లో కన్నుమూశాడు; కైంకర్యం మాత్రం ఆయన వంశంలోనే ఉంది. రికార్డు కావాలనుకుంటే దేవస్థానానికి ఒక్క మీట చాలు. ఆ పని చెయ్యకపోవడంలో పెద్ద వివేకం ఉంది. బయట వీధిలో వినబడే నాదం ఎవరికోసమూ ఆగనక్కర్లేదు, కాబట్టి అక్కడ రికార్డు సరిపోయింది. లోపల సేవ జరిగే క్రమాన్ని చూస్తూ పాడాలి, కాబట్టి అక్కడ మనిషి ఉండాలి. మేళం వెనక ఒత్తుకూ తాళానికీ మధ్య కనబడిన గీతే ఇక్కడా కనబడుతోంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం డబ్బుది. ఆదాయం లేని చిన్న గుడి మేళానికి రోజూ ఎక్కడినుంచి ఇవ్వాలి? హారతి వేళ మోటారుతో తిరుగుతూ డోలునూ గంటనూ కొట్టే యంత్రం ఇప్పుడు ఎన్నో గుళ్ళలో ఉంది. అర్చకుడు మీట వేస్తాడు, హారతి అయ్యాక ఆపుతాడు. నిశ్శబ్దం కంటే అది మేలు అనేవారిని నేను తప్పుపట్టను. గట్టిమేళంలాగే హారతి మేళంలోనూ హోరుకు ఒక స్థానం ఉంది, ఆ హోరును మోటారు ఇస్తుంది. కానీ ఒత్తునూ తాళాన్నీ ఖర్చు లెక్కలో చూసేటప్పుడు ఒక సంగతి ఎవరూ లెక్కలో వేయడం లేదు. ఆ రెండు స్థానాలూ మేళంలో నేర్చుకునే పిల్లలవి. నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో గాని, చిలకలూరిపేట ప్రాంతంలో తరతరాలుగా నాదస్వరం పట్టిన ముస్లిం కుటుంబాల్లో గాని, కుర్రవాడు మొదట ఒత్తు పట్టేవాడు లేదా తాళం వేసేవాడు. ఏళ్ళతరబడి పెద్దల పక్కన నిలబడి ఊపిరి నిలపడం, లయ పట్టడం, ఏ వేళకు ఏ రాగమో, ఏ తంతుకు ఏ కీర్తనో వినికిడితో నేర్చుకునేవాడు. ఆ వినికిడి మీద నిలబడే షేక్ చిన మౌలానా వంటివారు ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగం దాకా వెళ్ళి నాదస్వరానికి పేరు తెచ్చారు. ఒత్తు స్థానంలో పెట్టె వచ్చాక ఇద్దరు పిల్లలుండాల్సిన చోట ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడి చోటు కూడా పోతే బడి తలుపు మూతపడినట్టే. మేళాన్ని ముగ్గురితో సరిపెట్టుకుంటున్న దేవాలయ కమిటీలు, పెళ్ళివారు నాలుగో మనిషికిచ్చే డబ్బును వాద్యకారుడి కూలిగా కాక విద్యార్థి జీతంగా చూస్తే అది వృథా ఖర్చుగా కనిపించదు.

తిరుపతిలో ఈ విద్య నేర్పే చోట్లు ఉన్నాయి. 1959లో మొదలైన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, దేవస్థానం నడిపే నాదస్వర డోలు పాఠశాల — ఇలాంటివి దేశంలో ఎన్నో ఊళ్ళకు లేవు. మేళంతో ఊరూరా తిరిగి నేర్చుకునే రోజులు తగ్గాక తరగతి గది మీద భారం పెరిగింది. ఆ గదిలో క్లిక్‌ను తప్పక వాడుకోవాలని నేనంటాను. కాలం పరుగెత్తించే అలవాటును అది మొహమాటం లేకుండా పట్టిస్తుంది; ఏ గురువూ గంటలతరబడి విసుగు లేకుండా తాళం వేయలేడు. ఒక పద్ధతి మరీ ఉపయోగకరం. నాలుగు ఆవర్తాలు క్లిక్ వినిపించేలా, తర్వాతి నాలుగు ఆవర్తాలు మూగబోయేలా ఫోనులో పెట్టుకోవచ్చు. శబ్దం లేని ఆ నాలుగు ఆవర్తాలూ విద్యార్థి తన చేతి తాళంతోనే పాడుకుంటూ పోవాలి. క్లిక్ తిరిగి మొదలైనప్పుడు అతని సమం దానితో కలిసిందా లేదా అన్నది గదిలో అందరికీ వినబడుతుంది. కలిసేదాకా చేయించి, మూగ ఆవర్తాలను ఎనిమిదికి, పదహారుకు పెంచుకుంటూ పోతే కొన్నాళ్ళకు క్లిక్ మోగకపోయినా అది అతని లోపలే నడుస్తుంది. అప్పుడు ఆ పిల్లవాణ్ణి ఫోను లేకుండా తిరుచానూరు వాహనం ముందు తాళం చేతికిచ్చి నిలబెట్టవచ్చు. దెబ్బ ఎంత స్థిరంగా ఉండాలో తరగతి నేర్పింది, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాలో వాహనం మోసేవారి కాళ్ళు నేర్పుతాయి.